పెద్దమ్మ పాపికొండలు చూసిన రోజు

భీమవరం చుట్టుపక్కల మా రాజుల ఇళ్ళల్లో మర్యాద ఎంత ఎక్కువో మాటలు అంత తక్కువ. మొగుడు పెళ్ళాన్ని ‘మీరు’ అంటాడు. తల్లి నాలుగేళ్ళ పిల్లాణ్ణి ‘పాలు తాగండి బాబూ’ అని బతిమాలుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఎదుటి మనిషికి ఏం కావాలో అడగడం మాత్రం మాలో ఎవరికీ చేతకాదు. అడిగితే ఎక్కడ నొచ్చుకుంటారో అని మనసులోనే ఊహించుకుని, ఆ ఊహ ప్రకారం సేవలు చేస్తూ ఉంటాం. ఈ మర్యాద మా పెద్దమ్మ సూర్యకాంతమ్మగారి జీవితంలో నలభై ఒక్క ఏళ్ళు మింగేసింది. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పెద్దమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పదహారో ఏట, యాభై ఆరులో, మా పెదనాన్న వెంకటరాజుగారిని చేసుకుని మా ఇంటికి వచ్చింది. అప్పట్లో మా ఆడవాళ్ళకి ఘోషా ఉండేది. పరాయి మగవాళ్ళ కంటపడకూడదు, గడప దాటితే పరదా ఉండాలి. మా అమ్మ కాపురానికి వచ్చేసరికి అదంతా వదులైపోయింది. అమ్మ శుభ్రంగా బజారుకెళ్ళి బేరాలాడేది. పెద్దమ్మ దగ్గర మాత్రం ఘోషా అలాగే నిలబడిపోయింది. చీరల కొట్టు ఆయన మూటలు మోసుకుని మా వసారాలోకి వస్తే, పెద్దమ్మ తలుపు చాటు నుంచి “ఆ అంచు కాదండి, కిందది” అని చెప్పేది. పుష్కరాలకు నరసాపురం తీసుకెళ్తే నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నారు. గోదాట్లో మూడు మునకలు వేసి వచ్చింది. “ఎలా ఉంది పెద్దమ్మా గోదారి?” అని అడిగితే, “చల్లగా ఉంది” అంది.

ఆవిడకి పిల్లల్లేరు. నన్నూ మా తమ్ముడు సూర్యతేజనీ పెంచింది ఆవిడే. ఉన్న గారమంతా మా మీద ఒలకబోసింది. మా బదులు తను తిట్లు తినేది, మాకు గోరుముద్దలు తినిపించేది.

తొంభై ఏడు డిసెంబరులో మా నాన్న శ్రీనివాసరాజుగారు, రొయ్యలు నాలుగు రాళ్ళు మిగిల్చిన ఉత్సాహంలో, సెలవులకి అందరం లాంచీలో పాపికొండలు వెళ్దామన్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు, తేజకి ఎనిమిది. ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ పెద్దమ్మ మెల్లగా అంది. “భవ్యమ్మా, ఆ రెండు కొండలూ దగ్గరికొచ్చేచోట గోదారి సన్నగా అయిపోతుందటమ్మా. నాకూ ఒక్కసారి చూడాలని ఉంది.”

నేను సగం జడతో పెదనాన్న దగ్గరికి పరిగెత్తాను. పెద్దమ్మ ఏదైనా కావాలనడం నా ఎరుకలో అదే మొదటిసారి.

పెదనాన్న సంతోషం చూడాలి! ఆ వారంలోనే రాజమండ్రి వెళ్ళి లాంచీ వాళ్ళతో మాట్లాడి, కింది అంతస్తులో వెనకవైపు ఉన్న చిన్న గది తీసుకున్నారు. జేబులోంచి టేపు తీసి, ఆ గది కిటికీల కొలతలు రాసుకున్నారు. భీమవరంలో టైలరు చేత మెరూన్ రంగు పరదాలు కుట్టించి తెచ్చి, పెద్దమ్మ ముందు పరిచారు.

“రెండు వరసలు వేయించానండి. గాలికి లేచినా లోపలికి కనపడదు” అన్నారు.

పెద్దమ్మ వాటిని కాసేపు చేత్తో తడిమింది. “బాగున్నాయండి” అంది.

తెల్లవారుజామునే బయల్దేరాం. కారు కిటికీలకీ తెరలే. ఆవిడ వెనక సీట్లో మా ఇద్దరి మధ్య కూర్చుని చెవులతోనే దారి చెప్పేది. కారు ఆగి ఇంజన్ కట్టేస్తే “నిడదవోలు గేటు పడింది” అనేది. చక్రాల చప్పుడు మారగానే “బ్రిడ్జి ఎక్కాం, రాజమండ్రి వచ్చేశాం” అంది. తేజ తెర తొలగించి చూసి, ప్రతిసారీ ఆవిడ చెప్పిందే నిజం కావడంతో ఉడుక్కున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్ళిళ్ళకీ పరామర్శలకీ తిరిగి తిరిగి దారంతా కంఠతా వచ్చిన మనిషికి, ఆ దారి ఎలా ఉంటుందో తెలియదు.

లాంచీలో మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిన షామియానా. జనమంతా అక్కడే. అమ్మా నాన్నా పైకి వెళ్ళారు. పెద్దమ్మ పులిహోర క్యారేజీలతో, పూతరేకుల డబ్బాతో కింది గదిలో కూర్చుంది. నేను ఆవిడని వదల్లేక అక్కడే ఉన్నాను. పట్టిసీమ వచ్చింది, వెళ్ళింది. పోలవరం దాటాం. గండిపోచమ్మ దగ్గర అందరూ దిగి దణ్ణం పెట్టుకుని వచ్చారు. మధ్యాహ్నానికి సరంగు గట్టిగా హారన్ కొట్టాడు. పైన కుర్చీలు జరుగుతున్న చప్పుడు, కేకలు.

తేజ మెట్ల మీద దూకుతూ వచ్చాడు. “పెద్దమ్మా! కొండలొచ్చేశాయి!”

“ఎలా ఉన్నాయి నాన్నా?”

“కొండల్లాగే ఉన్నాయి. పెద్దవి. చెట్లున్నాయి.”

“గోదారి సన్నబడిందా?”

“చూసొస్తానుండండి” అని మళ్ళీ పైకి పోయి, అక్కడే ఉండిపోయాడు వెధవ.

పెద్దమ్మ పరదా అంచు రెండు వేళ్ళతో జరిపింది. ఆ చిన్న కిటికీలోంచి నల్లటి బండ, దాని కింద నీళ్ళు, అంతే. మెడ వంచి, ఒరిగి, పైకి చూడబోయింది. “కొండ కాళ్ళే కనపడుతున్నాయమ్మా, తల ఎక్కడో ఉంది” అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అంత దూరం వచ్చింది దేనికి?

విసురుగా మెట్లెక్కాను. పెదనాన్న పై మెట్టు మీదే కూర్చుని ఉన్నారు, కొండలకు వీపు పెట్టి. పెద్దమ్మ పిలిస్తే వినపడాలని అక్కడ కూర్చున్నారట. ఆయనా ఏమీ చూడటం లేదు.

“పెద్దమ్మని పైకి రానివ్వచ్చుగా పెదనాన్నా! మీకేం పోతుంది?” అన్నాను. పెద్దాయనతో అలా మాట్లాడటం మా ఇంట్లో తప్పే.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. “నేను వద్దంటానా అమ్మా? ఆవిడకే పడదు. పదిమందిలోకి వస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది. పరదాల్లో పెరిగిన పిల్ల, జాగ్రత్తగా చూసుకోమని పెళ్ళినాడే మీ మామ్మ నాకు చెప్పారు. అందుకేగా ఇన్ని తంటాలు.”

నేను కిందికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

పెద్దమ్మ పూతరేకు కాగితం మడుస్తోంది. చేయి ఆగిపోయింది. “ఎవరికి పడదన్నారు?”

“మీకే.”

మడుస్తున్న కాగితం పక్కన పెట్టింది. తర్వాత నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు అంది. “నాకు మీ మామ్మ ఇంకోలా చెప్పారమ్మా. ఇంటి ఆడది బయట కనపడితే మా అబ్బాయికి తలకొట్టేసినట్టు ఉంటుంది, ఎప్పుడూ అడిగి ఇబ్బంది పెట్టకు అన్నారు.”

మా మామ్మ మాణిక్యాంబగారు పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. కొడుక్కి ఒక మాట, కోడలికి ఒక మాట చెప్పి ఆవిడ హాయిగా వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు ఆ మాటలు మోస్తున్నారు.

లాంచీ పేరంటపల్లిలో ఆగింది. అందరూ గుడి చూడటానికి దిగారు. పెద్దమ్మ లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఇనప మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని పైకెక్కింది. నేను వెనకే ఉన్నాను. పెదనాన్న గబుక్కున లేచి నిలబడ్డారు.

“నాకు పడదని మీకెవరు చెప్పారండి?”

“అమ్మ.”

“నేను చెప్పానా?”

“లేదండి.”

“నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి అడిగారా?”

ఆయన తల దించుకున్నారు. చిన్నగా, “మీరూ అడగలేదు కదండీ” అన్నారు.

“అడగొద్దని కదండీ మీ అమ్మగారు నాకు చెప్పింది!” ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒడ్డున ఉన్న సరంగు కూడా తలెత్తి చూశాడు. పెద్దమ్మ అతన్ని చూసింది. తలుపు చాటుకి పోలేదు. వెళ్ళి ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ అవే కొండల మధ్య నుంచి వచ్చాం. చుట్టూ జనం. ఎవరో ఆయన పల్లీలు తింటూ ఆవిడ పక్కనే కూర్చున్నాడు. కళ్ళూ తిరగలేదు, ఏమీ కాలేదు. రెండు వైపులా కొండలు నీళ్ళలోకి దిగి వచ్చాయి. గోదారి నిజంగానే సన్నబడి, పచ్చగా, నెమ్మదిగా మలుపు తిరిగింది. గాలికి తల మీద కొంగు జారిపోయింది. ఆవిడ చూసుకోలేదు. పెదనాన్న “అదిగోనండి, అక్కడ...” అని చేయి చూపించబోయి, ఆవిడ ముఖం చూసి చేయి దించేశారు. పెద్దమ్మ ఏడుస్తోంది.

“మా అమ్మ ఇది చూడకుండానే పోయిందండి” అంది.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు పెద్దమ్మ ఆయనతో మాట్లాడలేదు. వేళకు భోజనం వడ్డించేది, మందులు అందించేది, మాట మాత్రం లేదు. మర్యాదస్తుల ఇళ్ళల్లో కోపం కూడా మర్యాదగానే ఉంటుంది. పెదనాన్న వసారాలో అటూ ఇటూ తిరిగేవారు. మాకు అన్నం సహించేది కాదు. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేదేమో అని నాకు భయం కూడా వేసింది.

అయిదో రోజు పొద్దున్న పెదనాన్న తానే కాఫీ కలుపుకొచ్చి ఆవిడ ముందు పెట్టారు. పంచదార ఎక్కువైంది, అది వేరే సంగతి. ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు.

“ఇన్నాళ్ళూ అడగలేదు. తప్పేనండి. ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకా ఏమేం చూడాలని ఉందో చెప్పండి, ఒక్కొక్కటీ చూపిస్తాను” అన్నారు.

పెద్దమ్మ కాఫీ చివరిదాకా తాగింది. గ్లాసు పక్కన పెట్టి ఆయన్ని సూటిగా చూసింది.

“ఏమున్నాయో నాకేం తెలుసండి అడగడానికి?” అంది.

పెదనాన్న లేచి లోపలికి వెళ్ళి చొక్కా వేసుకొచ్చి, “పదండి, చూద్దాం” అన్నారు.