పేరు అద్దెకివ్వని కీమేన్ బాబాయి

పోయిన శుక్రవారం అరకు సంత జోరు మీద ఉన్న వేళ, రైల్వే క్వార్టర్ల వైపు నుంచి వచ్చిన పోర్టరు మా కొట్టు ముందు సైకిలు ఆపి, దిగకుండానే చెప్పాడు.

"సావుకారీ, కీమేన్ బాబాయి పోనాడు. పొద్దున్న టీ తాగి అరుగు మీద కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడంట."

అప్పుడు నా చేతిలో అరకిలో కందిపప్పు పొట్లం సగం చుట్టి ఉంది. చుట్టిన కాగితం ఏమిటా అని చూస్తే, పేపర్లో బిజినెస్ పేజీ. పప్పు మళ్లీ డబ్బాలోకి ఒంపేసి, ఆ కాగితం మడతలు సరిచేసి గల్లాపెట్టె కింద దాచాను. పప్పు కోసం నిలబడ్డావిడ నాకేమైందోనన్నట్టు చూసింది. ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. మీకు చెప్తాను.

ఆయన పేరు ఇందులో ఎక్కడా రాయను. తెలియక కాదు. తన పేరు ఎక్కడ పడితే అక్కడ పెట్టడం ఆయనకి గిట్టదు, ఆ సంగతి కాసేపట్లో వస్తుంది. మా అందరికీ ఆయన కీమేన్ బాబాయే. రోజూ తెల్లారగానే సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని, తన వంతు రైలు పట్టాల వెంట నడిచి, పట్టాని పట్టి ఉంచే బిళ్లలు ఎక్కడైనా వదులయ్యాయేమో కొట్టి చూసి బిగించే మనిషిని రైల్వేలో కీమేన్ అంటారు. ఘాట్ లైనులో ఆ పని చేసి చేసి ఆయన రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ అలవాటు వదల్లేదు. ఏ వస్తువు కొన్నా ముందు వేలితో రెండుసార్లు కొట్టి చూసేవాడు. కొబ్బరికాయని కొడితే అర్థముంది. ప్లాస్టిక్ బకెట్నీ, బట్టల సబ్బునీ కూడా కొట్టేవాడు. "ఏం వినిపిస్తుంది బాబాయ్ సబ్బులో?" అని నేను ఆటపట్టిస్తే, "వినపడకపోడమే మంచిది బాబూ" అనేవాడు.

పొట్లాలకని నేను తూకానికి కొనే పాత పేపర్ల కట్ట ఆయనకి లైబ్రరీ. బియ్యం బస్తా మీద కూర్చుని, సినిమా పేజీ, రాజకీయాల పేజీ నాకు వదిలేసి, బిజినెస్ పేజీ ఒక్కటే లాక్కునేవాడు. "దీన్ని ఎవులూ నలపరు బాబూ. ఇస్త్రీ బట్టలాగుంటాది" అని మురిసిపోయేవాడు. ప్రభుత్వ బాండ్ల మీద రాబడి ఎంతుందో వేలు పెట్టి చదివేవాడు. నెల్లాళ్ల కిందటి పేపరు కదా అంటే, "వడ్డీ రేటు సినిమా కాదు కదేటి, పాతదయిపోడానికి" అనేవాడు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత పోస్టాఫీసులో, మిగతాది ప్రభుత్వ బాండ్లలో పెట్టాడు. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మాది సాలూరు. పెళ్లయిన కొత్తలో ఒక అద్దె కొట్టుతో ఇక్కడ దిగాను. వ్యాపారం నిలదొక్కుకుంది, చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. మైదానంలో అయితే ఆ డబ్బుతో స్థలం కొంటారు. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనడానికి వీల్లేదు. వన్ ఆఫ్ సెవెంటీ అంటే ఇక్కడ చంటిపిల్లలకీ తెలిసిన చట్టం. మాలాంటి వాళ్లలో కొందరు దానికీ ఒక దొడ్డిదారి కనిపెట్టారు. డబ్బు మనది, కాగితం మీద పేరు ఒక గిరిజనుడిది. టూరిస్టులు ఎక్కువవుతున్న రోజులవి. రోడ్డు వారగా ఒక స్థలం చూపించాడు బ్రోకరు. రెండు గదులు వేస్తే జీవితాంతం అద్దె తినొచ్చన్నాడు. శుక్రవారంలోగా బయానా ఇవ్వాలన్నాడు. "పేరుకి మనిషున్నాడా?" అని అడిగాడు. ఉన్నాడని చెప్పేశాను.

ఆ మనిషి బియ్యం బస్తా మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. బ్రోకరు వెళ్లాక టీ తెప్పించి, పక్కన కూర్చుని, "బాబాయ్, నీ పేరు ఒక్కటి కావాలి. ఊరికే వద్దులే, ఏడాదికింత అని ఇచ్చేస్తాను" అన్నాను. అప్పట్లో ఆయన్ని నువ్వు అనేవాణ్ని. ఆయన నాకంటే ఎంతో పెద్దవాడు. ఇక్కడి మనిషి కాబట్టి నువ్వు అన్నాను, అంతకంటే వేరే కారణం లేదు.

ఆయన టీ గ్లాసుని వేలితో రెండుసార్లు కొట్టాడు.

"నా పేరు అద్దెకడుగుతన్నావా బాబూ?"

"అద్దె అని కాదు బాబాయ్..."

"మరేటి?"

ఆయన కోప్పడలేదు. "రేపు కొట్టు తియ్యకముందు బేగి రా. నడుద్దాం" అని చెప్పి వెళ్లిపోయాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. మనసులో బయానా ఇచ్చేశాను కూడా.

మర్నాడు పొద్దున్న ఆయన వెనకాల నడిచాను. ఇంకా మంచు విడలేదు. ఆయన అడుగులు పట్టాల కింది ఒక స్లీపరు దిమ్మ నుంచి ఇంకో దిమ్మకి వేసినట్టు ఒకే కొలతలో పడేవి. నేను రెండడుగులకోసారి పరిగెత్తాల్సి వచ్చింది. ఊరి చివర మూడంతస్తుల లాడ్జీ ముందు ఆగాడు.

"ఇది మా అన్నది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదే!

"కాయితంలో మా అన్నది. డబ్బులు కింద నుంచొచ్చిన ఒక సావుకారివి. అంత మేడ పేరు మీదుంటే, మా అన్న దీని గేటు కాడ కాపలా కాసీవోడు. పింఛనీకెల్తే, నీకు మేడుంది కదేటని పంపీసినారు. సర్కారు ఇల్లు అడిగితే అదే మాట. వోనొస్తే ఈ మెట్ల కింద తొంగునీవోడు. ఇక్కడే పోనాడు."

మరో మాట కూడా అన్నాడు. "ఆ సావుకారు సెడ్డోడు కాదు బాబూ. మంచోడే. నీలాటోడే."

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు. ఆ మెట్ల కింద ఇప్పుడు ఖాళీ నీళ్ల క్యాన్లు పేర్చి ఉన్నాయి. వాటి వంకే చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో పాటు భయమూ వేసింది. అబద్ధమెందుకు, డబ్బు గురించే భయం. ఇంట్లో ఉంచితే కరిగిపోతుంది, అప్పులిస్తే మునిగిపోతుంది, ఇద్దరు పిల్లల చదువులు నెత్తి మీద ఉన్నాయి. "మరి నన్నేం చెయ్యమంటారు?" అని అడిగాను. నోట్లోంచి 'అంటారు' అని వచ్చిందని నాకే తరవాత తెలిసింది. ఆయనకి అప్పుడే తెలిసింది. "ఏటి బాబూ, రేత్రికి రేత్రి నాను పెద్దోణ్నయిపోనానా?" అని నవ్వాడు.

ఆ తరవాత చెప్పాడు. "నీ పేరు మీదుండీది కొనుక్కో. పేరు నీదవ్వాల, మాట సర్కారుదవ్వాల."

బ్రోకరుకి లేదని చెప్పేశాను. వారం తిరగకుండా ఇద్దరం రైలెక్కి కిందకి దిగి, ఒక బ్యాంకుకి వెళ్లాం. ఏడేళ్ల ప్రభుత్వ సేవింగ్స్ బాండు కావాలంటే, అక్కడి ఆఫీసరు ముందు మాకు బీమా పాలసీ ఒకటి చూపించాడు. రంగురంగుల కాగితం. బాబాయి దాన్ని టేబుల్ మీద పెట్టి వేలితో కొట్టి చూశాడు. తరవాత వరసగా అడిగాడు. గడువెంత? మజ్జిలో తియ్యొచ్చా? వడ్డీ ఎప్పుడొస్తాది? పన్ను పడతాదా? ఆఫీసరు తడబడ్డాడు. "మీరేం చేసేవారండీ?" అని అడిగాడు. "బిళ్లలు బిగించీవోణ్ని" అన్నాడు బాబాయి. బాండు ఫారం బయటికొచ్చింది.

ఆ బాండుకి వడ్డీ ఆరునెలలకోసారి పడుతుంది. పోస్టాఫీసు సర్టిఫికెట్టు వడ్డీ కంటే కొంచెం ఎక్కువిస్తారు, అది పెరిగితే ఇదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. వచ్చిన వడ్డీకి ఆదాయపు పన్ను ఉంటుంది. మధ్యలో అమ్ముకోవడానికి లేదు. ఇవన్నీ ఆయన తిరుగు రైల్లో నా చేత అప్పజెప్పించాడు. బొర్రా సొరంగాల చీకట్లో కూడా వదల్లేదు. ఎదురు సీటు టూరిస్టులు కొండలు చూడ్డం మానేసి మమ్మల్ని చూశారు.

నేను కుదురుగా ఉండే రకం కాదు. రెండో ఏడు వడ్డీ పడ్డాక, ఆయనకి చెప్పకుండా ఫోన్లో ఒక గిల్టు ఫండు కొన్నాను. అంటే ప్రభుత్వ బాండ్లే కొనే మ్యూచువల్ ఫండు. సర్కారు బాండ్లే కదా, పడదులే అనుకున్నాను. నాలుగు నెలల్లో పెట్టిన దానికంటే తగ్గింది. కొట్టు వదిలేసి క్వార్టర్ల వెనక ఆయన ఇంటికి పరిగెత్తి, "సర్కారు దివాలా తీసిందా బాబాయ్?" అని అడిగాను. ఆయన పెరట్లో మిరియాల తీగ సిల్వర్ ఓక్ చెట్టుకి కడుతున్నాడు.

"వడ్డీలు పెరిగినాయి బాబూ, పేపర్ల సూడలేదా? నీ కాడ ఏడు రూపాయలొచ్చీ కాయితముంది. సంతలోకి ఎనిమిదొచ్చీ కాయితం కొత్తగా వొచ్చింది. నీది ఎవుడు కొంటాడు?"

అప్పుడు వెలిగింది. కొత్త సబ్బు ప్యాకెట్టు మీద కొంచెం ఎక్కువ ఫ్రీ అని వస్తే, పాత స్టాకు నేను ధర తగ్గించి అమ్ముతాను కదా. అంతే సంగతి. ఇన్నాళ్లూ నా కొట్లోనే జరుగుతున్నది నాకే తెలియలేదు.

"ఎండకి పట్టా సాగుతాది, సలికి ముడుసుకుంటాది" అన్నాడు తీగ ముడి బిగిస్తూ. "అందుకే మద్దిన సందొదిలి ఏసినారు. సాగిందని సంబరపడి, ముడుసుకుందని పీకీసీవోడు రైలు నడపలేడు. ఈ డబ్బులు నీకు బేగి గావాలా?"

"వద్దు. పెద్దదాని చదువుకి. ఇంకా అయిదేళ్లుంది."

"అయితే నీకు సందుంది. ఎల్లి కొట్టు తీయ్."

ఆయన మాత్రం ఎప్పుడూ ఫండు కొనలేదు. "నాను ముసలోణ్ని. నాకు సందు లేదు" అని ఒప్పుకునేవాడు. తనకి సరిపడనిది నాకు సరిపడుతుందని చెప్పగలిగిన మనిషిని ఆయన్నొక్కణ్నే చూశాను. ఆ ఫండు తరవాత కోలుకుంది. అది నా తెలివి కాదు, ఆయన కొట్టు తియ్యమన్నాడు, నేను తీశాను.

ఆ రోడ్డు వార స్థలం తరవాత ఇంకెవరో కొన్నారు. ఎవరి పేరుతోనో తెలియదు. అటు వెళ్లినప్పుడల్లా నా చూపు ముందు గేటు దగ్గరికి పోతుంది, అక్కడ స్టూలు మీద ఎవరున్నారా అని.

ఆయన్ని వాళ్ల ఊరి వాలులో, కాఫీ మొక్కల పైన ఉన్న చోట మట్టి చేసి వచ్చాం. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నీ కొట్టుకొస్తే మరి ఇంటికి రాబుద్ధి కాదీది మీ బాబాయికి" అంది. ఆవిడ ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. ఆయన బాండ్లకి నామినీ పిన్నే. కాగితాలన్నీ ఒక రైల్వే టిఫిను క్యారేజీలో వరసగా పెట్టి ఉన్నాయి, ఏది ముందు బ్యాంకుకి పట్టుకెళ్లాలో పైన అంకె వేసి మరీ.

ఇంటికి రాగానే నా ఫైలు తీశాను. నా బాండు గడువు వచ్చే ఏడు తీరుతుంది. ఫారం జిరాక్సు అడుగున ఉంది. నామినీ గడిలో మా ఆవిడ పేరు. దాని కింద సాక్షి గడి.

ఆ రోజు బ్యాంకులో, సాక్షి సంతకం కావాలి, మా స్టాఫ్ పెట్టకూడదు అన్నాడు గుమాస్తా. నాకు ఆ ఊళ్లో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. బాబాయి పక్కనే ఉన్నాడు. వారం కిందట అద్దెకడిగిన పేరుని మళ్లీ ఏ మొహంతో అడగను? ఎవరినైనా వెతుకుతానని లేవబోయాను. ఆయన నా చొక్కా జేబులోంచి పెన్ను తీసుకుని, టేబుల్ మీదికి వంగి, అక్షరం అక్షరం దిద్దుతూ తన పేరంతా రాశాడు. "తాతగారూ, గడి దాటకూడదండీ" అని విసుక్కున్నాడు గుమాస్తా.

"నా పేరు అంత ఉన్నాది బాబూ, ఏటి సేత్తాం" అన్నాడు.

జిరాక్సులో సిరా కొంచెం వెలిసింది గానీ అక్షరాలన్నీ తెలుస్తున్నాయి. చివరి అక్షరం గడి దాటి కిందికి దిగి, నేను సంతకం పెట్టిన గీత మీద ఆగి ఉంది.