ఆర్విల్ పెన్నర్ వేలి కణుపు

ఆర్విల్ పెన్నర్ అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలే రాయాలంటారు. ఆయన ఇంకా గుండ్రాయిలా తిరుగుతూనే ఉన్నాడు కనక నాకా మొహమాటం లేదు. సొంత అత్తగారి శవాన్ని తీసుకొచ్చిన బండి వెనక మూల మీద, పాస్టరు ప్రార్థన చేస్తుండగానే, వేలి కణుపుతో టక్కున కొట్టి "లప్పం" అని పెదవి విరిచిన మనిషి. పక్కనే ఏడుస్తున్న భార్య లవోన్ ఆయన వంక చూసిన చూపు నేను చూశాను. ఆ చూపుకి పచ్చని చేను మాడిపోవాలి. ఆయనకి చెమటైనా పట్టలేదు.

నేను గోధుమ కోతల ముఠాలతో, వాళ్ళ మిషన్లకి అతుకులు వేస్తూ, టెక్సస్ నుంచి డకోటా దాకా ఏటా ఎండని తరుముకుంటూ తిరిగినవాణ్ణి. ఏ ఊళ్ళోనూ రెండు చలికాలాలు నిలవని కాళ్ళు కాన్సస్‌లోని ఈ హార్లన్ క్రాసింగ్‌లో ఎందుకు చిక్కుకున్నాయంటే, ఇక్కడి మనుషులు ఒకర్నొకరు ద్వేషించుకోవడంలో ఒక శ్రద్ధ ఉంది. పెద్ద ఊళ్ళలో ద్వేషం కూడా పైపైనే. ఇక్కడ దాన్ని చిన్న మంట మీద, అడుగంటకుండా, ఏళ్ళ తరబడి కాస్తారు.

కొట్టం లేని ఇల్లు ఇక్కడ లేదు, పాత బండి లేని కొట్టమూ లేదు. తాతల నాటి కారో, ట్రక్కో. ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకుంటే ఇక్కడివాళ్ళకి నిద్ర పట్టదు. టాపు కోసి కిందికి దించుతారు. తలుపుల పిడులు పీకేస్తారు. ఎక్కడ రేకూ రేకూ కలిసిన గీత కనిపిస్తే అక్కడ పూడ్చి, బండంతా ఒకే పోతగా పోసినట్టు నునుపు చేస్తారు. ఆ పూడ్చడంలోనే ఉంది కథంతా. సీసంతో పూడ్చవచ్చు, లప్పంతో పూడ్చవచ్చు. సీసమంటే, ముందు రేకుకి కళాయి పెట్టాలి. సీసపు కడ్డీని మంటకి వెన్నలా మెత్తబరచాలి. కొంచెం ఎక్కువైతే నీరై బూట్ల మీద పడుతుంది. మైనం రాసిన చెక్క గరిటెతో దాన్ని అద్ది, చల్లారాక ఆకురాయితో వారాలకి వారాలు రాయాలి. లప్పమంటే, డబ్బా మూత తీసి, కలిపి, గోడకి పూసినట్టు పూయడమే. కాఫీ తాగి వచ్చేలోగా గట్టిపడుతుంది. పైన రంగు పడ్డాక రెండూ ఒకటే. దేవుడికి కూడా తెలియదు.

ఆర్విల్‌కి తెలుసు. అదే ఆయన గర్వం.

ఏటా కోతలు అయిపోయాక, గోధుమల గోదాం పక్కన కంకర మైదానంలో బండ్ల పండగ. మధ్యాహ్నం తిరిగితే ఆ కాంక్రీటు గోదాం నీడ మైదానంలో ఒక పక్కన పడుతుంది. నీడలో నిలిపేది అచ్చంగా సీసంతో చేసిన బండ్లనే. లప్పం బండ్లు ఎండలో మాడాలి. ఎవరు పెట్టిన రివాజో ఎవరికీ గుర్తులేదు. ఏ బండి ఎక్కడో తేల్చేది మాత్రం ఆర్విల్. గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో బండిని తడిమేవాడు. అంటుకుంటే ఇనుము. జారితే సీసమైనా కావాలి, లప్పమైనా కావాలి. ఆ రెండిటికీ తేడా అయస్కాంతానికి తెలియదు. అక్కడ వేలి కణుపుతో కొట్టి, తల ఒక పక్కకి వంచి విని, చెప్పేవాడు. ఆ మాటకి అప్పీలు లేదు. గోదాంలో మిషన్లు తుడుచుకుంటూ జీవితం గడిపిన మనిషికి ఏడాదికి ఒక పూట జడ్జీగిరీ. పిల్లలు లేరు, స్నేహితులు లేరు, ఆ పూట ఉంది.

తూర్పూ పడమరా తిరిగినవాణ్ణి కనక ఒక మాట చెబుతాను. సముద్రాల అవతల, కైరవాన్ ఊరి బజారులో తివాచీల షావుకారు, ఇది అచ్చమైన ఉన్ని అని నమ్మించడానికి, అంచునుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూపిస్తాడు. తివాచీకి ఒక పోగు తక్కువవుతుంది. ప్రతి వృత్తిలోనూ ఒక పరీక్ష ఉంటుంది, పరీక్షించిన వస్తువునే కాస్త తినేది. తెలివైన షావుకారు అంచు పోగే కాలుస్తాడు. ఆర్విల్‌కి ఆ తెలివి లేదని తరవాత తేలింది.

లవోన్ తమ్ముడు డారెల్ కూన్స్. స్కూలు భవనాలకి రంగులు వేసేవాడు. ఒకప్పుడు బావా బావమరదులిద్దరూ ఒకే కొట్టంలో, ఒకే మంటతో పనిచేసేవాళ్ళు. ఆర్విల్ బండి పంతొమ్మిదివందల యాభై నాటి మెర్క్యురీ కారు, నిగనిగలాడే వంకాయ రంగు. దాని కుడి వెనక మడ్‌గార్డు మిగిలి ఉండగా ఆర్విల్ కుడిచెయ్యి కోత మిషన్‌లో పడి విరిగింది. పండగ మూడు రోజుల్లో ఉంది. "నేను పూర్తి చేస్తాలే బావా" అన్నాడు డారెల్. చేశాడు. పండగ పొద్దున ఆర్విల్ పిండికట్టుతో వచ్చి, ఆ మడ్‌గార్డుని అరచేత్తో నిమిరి, అందరూ వింటుండగా డారెల్ భుజం తట్టి, "వీడు నా అంతవాడయ్యాడు" అన్నాడు. ఆ నోటినుంచి అలాంటి మాట అంతకు ముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు.

మరుసటేడు అదే డారెల్ తన సొంత ట్రక్కు తెస్తే, తలుపు కింద బొటనవేలంత చోట కొట్టి విని, "ఎండలోకి తొయ్యరా బామ్మర్దీ" అన్నాడు. అంతే. అప్పటినుంచి పదేళ్ళ పైమాట ఇద్దరికీ మాటల్లేవు. లవోన్ ఇంట్లో విందులకి ఒకడు వంటింటి గుమ్మంలోంచి వస్తే ఇంకొకడు వీధి గుమ్మంలోంచి పోయేవాడు. డారెల్ ఏటా వచ్చి ఎండలో నిలబడేవాడు, టోపీ కిందికి లాక్కుని, నీడ వంక చూస్తూ.

పోయినేడాది మాట. స్కూలు బస్సు నడిపే నాడీన్ కొత్తగా ట్రక్కు తెచ్చింది. వాళ్ళ నాన్న కొట్టంలో తుప్పు పట్టిన దాన్ని మూడు చలికాలాలు తనే కూర్చుని బాగుచేసుకుంది. ఆర్విల్ టాపు మూల కొట్టాడు. "సీసం." బానెట్ అంచు. "సీసం." నాడీన్ ముఖం విచ్చుకుంటోంది. వెనక తలుపు కింద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు, అందరూ వినాలని.

"లప్పం. ఎండలోకి."

"పెన్నర్ గారూ, అది అరచెయ్యంత కూడా లేదండీ. అక్కడ సీసం నిలవలేదు."

"ఎంత పూస్తే లప్పం అవుతుందమ్మా? కుంచమా, బస్తాడా?"

నీడలో కుర్చీలు వేసుకున్నవాళ్ళు నవ్వారు. నీడలో కూర్చున్నవాళ్ళకి నవ్వు తొందరగా వస్తుంది. నాడీన్ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు కదిలాడు డారెల్. ఎండలోంచి నేరుగా నీడలోకి నడిచొచ్చి, జేబులోంచి ఫ్రిజ్జుకి అంటించే పొద్దుతిరుగుడు పువ్వు అయస్కాంతం తీసి, మెర్క్యురీ కుడి వెనక మడ్‌గార్డు కింది వంపున పెట్టి వదిలాడు. అది కంకర మీద పడింది.

"జారిపోయింది బావా."

పదేళ్ళకి మొదటి మాట అది.

"సీసం మీద జారక, ముద్దు పెట్టుకుంటుందట్రా?"

"అయితే కొట్టి విను. అందరి బండ్లూ కొడతావుగా. నీది నువ్వెప్పుడైనా కొట్టావా?"

నిజమే, ఆయన తన బండిని కొట్టుకోగా ఎవరూ చూడలేదు.

"నా బండిని నేను కొట్టి నేనే తీర్పు చెబితే, రేపు ఈ మొహాలన్నీ ఏమంటాయో నాకు తెలీదా? లవోన్! కొట్టంలోంచి గ్యాసు మంట గొట్టం తెప్పించు."

క్యాబేజీ మాంసం కూరిన బన్నులు పళ్ళెంలో సర్దుతున్న లవోన్ అక్కడే ఆగిపోయింది. "ఆ రంగు వెయ్యడానికి రెండేళ్ళు నా మొహం చూడలేదు మీరు. ఇప్పుడు తగలబెడతారా? మతి గాని పోయిందా?"

"సన్న డ్రిల్లుతో సూదిమొనంత రంధ్రం చేస్తే చాలదూ?" అన్నాను నేను.

"నువ్వు నీ వెల్డింగు చూసుకో" అన్నాడు ఆర్విల్.

డారెల్ ముఖంలో రంగు మారింది. "మంటొద్దు బావా. ఒక్కసారి కొట్టు. నువ్వు వింటే చాలు. నేను ఇంకేమీ అడగను."

"ఏరా, కాళ్ళు వణుకుతున్నాయా?" ఆర్విల్ అందరివైపూ తిరిగాడు. "దీంట్లో గోరంత లప్పం ఉంటే, ఇకమీద ఎవరి బండి మీదా ఈ వేలు పెట్టను. లేకపోతే వీడు ఈ మైదానంలో అడుగుపెట్టకూడదు. ఏమంటావు?"

డారెల్ వంగి, పువ్వు అయస్కాంతాన్ని కంకరలోంచి ఏరుకున్నాడు. నీడ వరసవాళ్ళే అన్నారు: "సరే, సరే, కానివ్వు."

మంట వచ్చింది. ఆర్విల్ మోకాళ్ళ మీద కూర్చుని పైనుంచి మొదలుపెట్టాడు. వంకాయ రంగు బుడగలు లేచి, ముడతలు పడి, తొక్కలా రాలింది. కింద సీసం వెండిలా మెరిసి, ఒక చుక్క మెల్లగా జారింది. చప్పట్లు పడ్డాయి. ఆర్విల్ తల తిప్పి డారెల్‌ని చూసి నవ్వాడు. ఆ నవ్వుతోనే మంటని కిందికి దించాడు.

మెరుపు రాలేదు. నల్లగా పొంగింది. ప్లాస్టిక్ కాలిన కంపు నీడంతా కమ్మింది. మాడిన రొట్టె పెచ్చులా ఊడి, ముక్కలు ముక్కలుగా ఆయన మోకాళ్ళ దగ్గర రాలింది. ఎవరూ నవ్వలేదు.

ఆర్విల్ గ్యాసు కట్టేశాడు. ఒక పెచ్చు తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. పిండై రాలింది.

"నేను నిమిరి చూశాను" అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు.

"ఎడమ చేత్తో చూశావు బావా. కుడిచెయ్యి కట్టులో ఉంది" అన్నాడు డారెల్. "సీసం రెండుసార్లు జారిపోయింది, ఆ వంపులో నిలవలేదు. తెల్లారితే పండగ. లప్పం పెట్టాను. పొద్దున్నే చెబుదామనే వచ్చాను. నువ్వు జనంలో భుజం తట్టావు. ఇంకేం చెప్పను?"

"అయితే ఇన్నేళ్ళూ నోట్లో దాచుకుని ఎండలో కూర్చున్నావా?" లవోన్ పళ్ళెం కిందపెట్టింది. "ఒరేయ్, నీకంటే ఆయనే నయంరా. ఆయన విషం ఏ రోజుది ఆ రోజే కక్కుతాడు."

నీడ వరసవాళ్ళు ఇప్పుడు డారెల్‌నీ ఆర్విల్‌నీ ఒకే చూపుతో చూస్తున్నారు. ఒకడు గట్టిగానే అన్నాడు, తన బండిని సీసమన్న తీర్పు కూడా ఇలాంటిదేనా అని. ఇంకొకడు పక్కవాడి బండి వంక చూశాడు. పక్కవాడు, "ఏంటి చూస్తున్నావ్?" అని లేచాడు. ఊరు ఊరంతా ఒక్కసారి తన చర్మం గోకి చూసుకున్నట్టయింది.

నాడీన్ మాత్రం ముందుకొచ్చింది. "మీ ఇంటి గొడవ మీరు పడండి. ఇప్పుడు నా బండి ఎక్కడ పెట్టుకోవాలో ఎవరైనా చెబుతారా?"

ఆర్విల్ లేచాడు. మోకాళ్ళు దులుపుకోలేదు. "నన్నడగొద్దు. మాటిచ్చాను" అని, మెర్క్యురీ ఎక్కి, మాడిన మడ్‌గార్డు జనం వైపే ఉండేలా తిప్పి, ఎండలో డారెల్ ట్రక్కు పక్కన నిలిపాడు. దిగి, బండికి వీపు పెట్టి నిలబడ్డాడు. జాలి పడదామని ఒకరిద్దరు దగ్గరికి వెళ్ళారు. ఆయన వాళ్ళని చూసిన తీరుకి వెనక్కొచ్చేశారు. నేనూ వెళ్ళలేదు. నాకు జాలి వెయ్యలేదు, అది వేరే సంగతి.

చలికాలమంతా రెండు కొట్టాలలోనూ దీపాలు వెలిగాయి. ఆర్విల్ మడ్‌గార్డు గుంటని మళ్ళీ సీసంతో పూడ్చుకున్నాడు. డారెల్ తన ట్రక్కు తలుపు రేకు దాకా గీకేసి, సీసం పట్టించాడు. జారినప్పుడల్లా గీకి మళ్ళీ మొదలెట్టాడట. లవోన్ చెప్పింది. ఇద్దరికీ మాటలు మాత్రం కలవలేదు.

ఈ ఏడాది పండగనాడు డారెల్ తిన్నగా ఆర్విల్ కుర్చీ దగ్గరికొచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు. ఇంకెవరైనా కొట్టి చెప్పవచ్చు, ఆ వేలు ఒక్కటే వేలా అనుకోవచ్చు మీరు. డారెల్ చుట్టూ ఉన్న ఏ మొహం వంకా చూడలేదు.

"బావా. తలుపు మళ్ళీ చేశాను. ఒక్కసారి కొట్టి చెప్పు."

"మాటిచ్చాను."

"ఆ పందెం నువ్వు నామీద పెట్టిందే. ఆ మాటలోంచి నిన్ను విడిపిస్తున్నాను."

"అది నువ్వు ఇచ్చింది కాదు, నువ్వు విడిపించడానికి."

"ఒక్కసారి వేలు తగిలిస్తే అరిగిపోతుందా మీ వేలు?" అంది లవోన్. ఆర్విల్ బన్ను తుంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. తీరిగ్గా నమిలాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

డారెల్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. "సీసమే బావా" అన్నాడు చివరికి. "ఆసాంతం సీసమే."

"అయి ఉండొచ్చు" అన్నాడు ఆర్విల్.