చప్పుడు లేని పిస్తోలు

ఆర్మూర్ నుంచి భీమ్‌గల్ వెళ్లే బస్సులో పక్క సీటు రైతు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అరచేతిలో ఇమిడే పిస్తోలు; ఒక్కటే తూటా, చప్పుడు దాదాపు వినిపించదు. ఆయన మక్క చేనును కోతులు నాశనం చేస్తున్నాయట. పటాకులు పేల్చినా బెదరడం లేదట.

“గిది పనికొస్తదా సార్? మా ఆమెకు ఇనబడొద్దు. గా కోతులకే మంగళారం మంగళారం అరటిపండ్లు పెడ్తది. దేవుడంటది.”

ఆ మాట వినగానే నాలో హేతువాద ఉపన్యాసకుడు లేచాడు. కోతి దేవుడు కాదని, వట్టి జంతువని, చంపితే పాపమేమీ అంటదని భీమ్‌గల్ దాకా వాదించాను. ఆయన ఎదురు చెప్పలేదు. గెలిచాననుకున్నాను.

దిగే ముందు ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“నిరుడు మోటర్ వైరు తగిలి ఒక కోతి సచ్చింది సార్. మంద మొత్తం దాని సుట్టు కూసొని పొద్దుగూకేదాంక ఒర్లినయ్. మా ఆమె తలుపేసుకొని ఏడ్సింది. పిస్తోలు సప్పుడు చెయ్యది, సరే. గా ఒర్లుడు ఎట్ల ఆపాలె?”

బస్సు ఆగగానే ఆయన దిగి వెళ్లిపోయాడు.

కోతి దేవుడు కాదని ఇప్పటికీ సభల్లో చెబుతాను. వట్టి జంతువు అనడం మాత్రం మానేశాను.