పన్నెండు గంటలు నిలబడగలను

కాకినాడలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఎక్కడ తప్పు వినబడినా నోరు ఊరుకోదు. ఆ ఉదయం హైదరాబాదులో, నానక్‌రామ్‌గూడ వెళ్లే షేర్ ఆటోలో కూడా ఊరుకోలేదు.

పక్కన కూర్చున్నామె కాగితం చూస్తూ గొణుక్కుంటోంది. ఇంగ్లీషు వాక్యాలే, తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి. "ఐ యామ్ ఏబుల్ టు స్టాండ్ ట్వెల్వ్ అవర్స్. ఐ యామ్ కేపబుల్ ఆఫ్ నైట్ డ్యూటీ. ఐ యామ్ గుడ్ ఇన్ క్లీనింగ్."

"గుడ్ ఎట్ అనాలమ్మా," అన్నాను.

ఆమె నవ్వి దిద్దుకుంది. ఒక ఆఫీసు బిల్డింగులో ఊడ్చి తుడిచే పనట. తెలుగు రాని కొత్త మేనేజరు ఇవాళ ఒక్కొక్కరినీ పిలిచి, ఎవరిని ఉంచాలో తేలుస్తాడట.

"సూపర్‌వైజర్ రాసిచ్చిండు సారూ. పనోళ్లందరం గివే బట్టీ పడుతున్నం."

అన్నీ చేయగలనన్న వాక్యాలే. చేయలేనన్నది ఒక్కటీ లేదు. అప్పుడే చూశాను, ఆమె మోకాలు వాచిపోయి ఉంది, చుట్టూ గుడ్డ కట్టు.

"అంత నొప్పి పెట్టుకుని ఎలా నిలబడతావమ్మా? ఆ మాట కూడా చెప్పు. ఐ యామ్ అనేబుల్ టు..."

ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "అది నేర్పకుండ్రి సారూ, మీ కాల్మొక్త. యాదికుంటే ఎప్పుడన్న నోట్లకెళ్లి జారుతది."

నేర్పొద్దని నన్ను బతిమాలినవాళ్లు అంతకుముందు లేరు.

బిల్డింగు ముందు ఆటో ఆగితే, రెండు చేతులతో కాలెత్తి కింద పెట్టి దిగింది. కుంటుకుంటూ రోడ్డు దాటింది. గేటు పదడుగులుందనగా కుంటడం మానేసింది.