గాజు కింద బొట్టు

యీషున్‌లో అక్కావాళ్ళ ఫ్లాట్‌లో ఉంటూ నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒక్కటే ట్యాబ్. పొద్దున బావగారి వార్తలు, మధ్యాహ్నం అక్క వంటల వీడియోలు, సాయంత్రమైతే వాళ్ళ ఐదేళ్ళ కూతురు బుజ్జి రాజ్యం. పప్పన్నం తింటూ ఆ చేత్తోనే బొమ్మలు జరిపేది. తెర మీద నెయ్యి, నెయ్యి మీద బిస్కెట్ పొడి, ఆపైన ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టని ఓ జిగురు. దాన్ని తుడిచే పని నాకు నేనే నెత్తినేసుకున్నాను (జీతం లేదు, విసుక్కునే హక్కు మాత్రం ఉండేది). కళ్ళజోడు గుడ్డ కాస్త తడిపి తుడుస్తూ, "చేతులు కడుక్కున్నాకే ముట్టుకోవాలి" అని రోజూ పాఠం చెప్పేదాన్ని. "వాష్ చేశాను లా, పిన్నీ" అంటూ, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ఓ 'లా' తగిలించి, అది రెండు చేతులూ వెనక్కి దాచేసేది.

ఆ ఏడు ఆయుధపూజకి ట్యాబ్ తెర మీద గీతలు పడకుండా కొత్త గాజు, అదే స్క్రీన్ గార్డ్, అంటించాలని పూనుకున్నాను. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట మొదలుకొని రైస్ కుక్కర్ దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. దుమ్ము ఎగరకుండా ఉంటుందని బాత్‌రూంలో వేడినీళ్ళు వదిలి, ఆ ఆవిరిలో చెమటలు కక్కుతూ తెర తుడిచి, గాజు వెనక కాగితం ఒలవడానికి అటు తిరిగాను. ఇటు తిరిగి గాజు అంటించేశాను. కళ్ళజోడంతా మసకబారి ఉంది. బయటికొచ్చి దాన్ని తుడుచుకుని చూద్దును కదా, గాజు కింద ఎర్రగా, ఇంత చిట్టి వేలి ముద్రతో కుంకుమబొట్టు, చుట్టూ గాలి బుడగ. "ట్యాబ్‌కి బొట్టు మర్చిపోయావు పిన్నీ, నేనే లోపలికొచ్చి పెట్టేశా" అంది బుజ్జి, వేలు ఫ్రాక్‌కి తుడుచుకుంటూ.

గాజు పీకేస్తానన్నాను. అక్క పడనివ్వలేదు. "పూజ రోజు పెట్టిన బొట్టు తీస్తావటే? దాని మానాన దాన్ని ఉండనీ."

ఆ బొట్టు సరిగ్గా తెర మధ్యకి, కాస్త పైగా ఉండేది. వీడియో కాల్‌లో ఎవరొచ్చినా నుదుట కుంకుమే. నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని తేల్చే కాల్ కూడా ఆ ట్యాబ్‌లోనే వచ్చింది. మా చైనీస్ మేనేజర్ గంభీరంగా మాట్లాడుతున్నాడు, నుదుట బొట్టుతో, అచ్చం ఆడపెళ్ళివారి పెద్దాయనలా. నవ్వాపుకోలేక దగ్గు నటించాను. ఉద్యోగం ఖాయమైంది. అదంతా బొట్టు చలవేనని అక్క ఊరంతా చెప్పుకుంది.

తర్వాత బావగారికి మెల్‌బోర్న్ బదిలీ అయింది. పాతదెందుకని ట్యాబ్ నాకొదిలేసి వెళ్ళారు. ఇప్పుడు ఇదే ఊళ్ళో మరో మూల, బుకిట్ బటోక్‌లో నా ఇంట్లో ఫోనూ, లాప్‌టాపూ తళతళలాడుతూ ఉంటాయి. ముట్టుకునేవాళ్ళు లేరు మరి. ఆ శుభ్రం చూస్తే ఒక్కోసారి ఏడుపొస్తుంది. ట్యాబ్ గాజు అంచు పగిలింది. "చేంజ్ లా, ఐదు నిమిషాలే" అని షాపతను ఇంగ్లీషులో చెప్పినప్పుడల్లా సరేనంటాను, చేతిలోంచి మాత్రం వదల్లేక వెనక్కి తెచ్చేసుకుంటాను.

మొన్న ఆదివారం బుజ్జి కాల్ చేసింది. నాకంటే పొడుగైపోయింది.

"కాస్త కిందికి వంగవే."

"మళ్ళీనా, పిన్నీ? ఆ గ్లాస్ మార్చెయ్, సో డర్టీ" అని విసుక్కుంటూనే వంగింది. బొట్టు దాని నుదుట చక్కగా కుదిరింది.

"మారుస్తాలే" అన్నాను.

నలుసు పడితే ఇల్లు పీకి పందిరేసిన ఆనాటి నాలోని పిన్ని ఈ మాట వింటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. కాల్ అయ్యాక గుడ్డ తడిపి, గాజంతా గట్టిగా రుద్ది తుడిచాను. బొట్టు కిందనుంది, దానికేం కాదు.