బుచ్చన్న గడ్డం, ఎర్ర ఫోర్డు

గల్ఫ్ యుద్ధాన్ని ఆపింది మా తాత బుచ్చన్న. ముప్పై దేశాల సైన్యం వచ్చి ఆపిందని పేపర్లలో రాసి ఉండొచ్చు. పేపర్ల వాళ్ళకు మా తాత ఎవరో తెలియదు. ఎర్ర ఫోర్డు కారులో ఆయన రోడ్డెక్కబోతున్నాడని తెలిసి, ఆ కారు చప్పుడు ఒక్కసారి విని, రెండు వైపుల వాళ్ళూ తుపాకులు దించేశారు. మా ఊళ్ళో ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ కాదనలేదు. నమ్మనూ లేదు.

అసలు సంగతి ఏమిటంటే, మా తాత తన జన్మలో అంతగా భయపడ్డ రోజులు మళ్ళీ లేవు. మామూలుగానే ఆయనది పిరికి పానం. పొయ్యి ఆర్పి, ఆర్పానో లేదో అని వాకిట్లోంచి రెండుసార్లు వెనక్కి వచ్చి చూస్తాడు. ఉరిమితే గొడుగు కూడా పట్టుకోడు, దానికి ఇనుప కడ్డీ ఉందని. ఆ భయమే ఆయన్ను మంచి మెకానిక్‌ను చేసింది. బిగించిన నట్టును భయంతో మళ్ళీ బిగించేవాడు. బుచ్చన్న బిగించింది ఊడిందని ఎవరూ గొడవకు రాలేదు.

జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఆయన 1984లో గల్ఫ్‌కు, అల్ ఖోబర్ పోయాడు. అబూ ఫహద్ అనే కఫీల్ గ్యారేజీలో పని. వీసా ఇచ్చినవాడే కఫీల్, వాడు చెప్పిందే చట్టం. అబూ ఫహద్ చెడ్డవాడు కాదు గానీ, ఆయనకు నలుగురు పిల్లలూ, ఒక కారూ. పిల్లల పేర్లు అప్పుడప్పుడు తప్పు పిలిచేవాడు, కారు సంగతిలో మాత్రం ఏదీ తప్పేవాడు కాదు.

ఆ కారు 1932 నాటి ఫోర్డు. ఎవరో అమెరికా ఇంజనీరు తెచ్చుకుని, దేశం వెళ్ళేటప్పుడు అమ్మేసి పోయాడు. అమెరికాలో కుర్రకారు పాత కార్ల టాపు కోసి కిందికి దించి, బానెట్టు పీకేసి, పెద్ద ఇంజన్ పెట్టి పందేలకు తోలుతారట. దాన్ని హాట్ రాడ్ అంటారు. ఎర్ర రంగు, ఎనిమిది సిలిండర్లు, పేగులు బయటపడ్డట్టు ఇంజన్ మొత్తం బయటికే. పొగ గొట్టాలు రెండు, సైలెన్సర్ లేదు. ఆక్సిలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక గొట్టంలోంచి ఠాప్ మని పేలుతుంది. దాన్ని స్టార్ట్ చేయడం ఖోబర్‌లో ఇద్దరికే వచ్చు. ఒకడు అబూ ఫహద్, రెండోవాడు మా తాత. ఆగిపోతే మళ్ళీ లేపడం మా తాతకు ఒక్కడికే వచ్చు.

1990 ఆగస్టులో కువైట్ మీద దాడి జరిగింది. వారం తిరక్కముందే మా అవ్వ దేవవ్వ జగిత్యాల వెళ్ళి ఫోన్ చేసింది.

"ఇను. నేను ఎములాడ రాజన్నకు మొక్కిన. నువ్వు పానంతోని ఇల్లు చేరేదాక నెత్తికి గానీ గడ్డానికి గానీ కత్తి తాకియ్యద్దు. వచ్చినంక గుడి కాడ్నే ఇస్తువు."

"మొక్కేముందు నన్నొక మాట అడగద్దానె?"

"అడిగితె ఏమంటవ్? వద్దంటవా?"

అనడు. దేవుడన్నా భయమే, దేవవ్వన్నా భయమే. జనవరి వచ్చేసరికి జుట్టు మెడ మీద పడింది, గడ్డం రొమ్ము దాకా దిగింది. వేములవాడలో గుండుకు తయారవుతున్న ఈ మనిషిని గ్యారేజీకి కొత్తగా వచ్చిన వాళ్ళు ముస్లిం పెద్దాయన అనుకుని 'సలామలేకుం హజ్రత్' అని పలకరించేవారు.

జనవరి మధ్యలో యుద్ధం మొదలైంది. సైరన్ కూసిన మర్నాడే అబూ ఫహద్ పెద్ద బండిలో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, దేశానికి అటు చివర ఎర్ర సముద్రం ఒడ్డున రాబిగ్‌లో ఉన్న బావమరిది ఇంటికి బయలుదేరాడు. అప్పట్లో పనివాళ్ళ పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరే ఉండేవి. అవి కూడా ఆయన సంచిలో బయలుదేరాయి. పోతూ పోతూ మా తాత చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. కఫీల్ ఉత్తరం లేకుండా పరాయి దేశపోడు ఊరు దాటడానికి లేదు.

"లారీలన్నీ సైన్యం పనిలో ఉన్నాయి. కారు నువ్వే తీసుకురా. పది రోజులు టైము. కారు రాబిగ్‌లో నా వాకిట్లో ఆగిన రోజే నీ చేతికి పాస్‌పోర్టు, ఎగ్జిట్ కాగితం. అట్నుంచి అటే నీ దేశం వెళ్ళిపో."

పాస్‌పోర్టు లేకపోతే ఇల్లు లేదు. కారు రాబిగ్ చేరకపోతే పాస్‌పోర్టు లేదు. మా తాత బతుకంతా ఆ ఎర్ర డబ్బాలోకి వచ్చి కూర్చుంది.

ఇంటికి కాపలాగా డ్రైవర్ మస్తాన్ వలీ ఉండిపోయాడు. కడప మనిషి. ఆయనా, మా తాతా కలిసి గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో దారి గీశారు. ఖోబర్ నుంచి రియాద్, రియాద్ నుంచి బురైదా, బురైదా నుంచి మదీనా పక్కగా రాబిగ్. పదిహేను వందల కిలోమీటర్లు. మా తాత మొదటి రోజు పెట్రోలు బంకులకు సున్నాలు చుట్టాడు. రెండో రోజు నీళ్ళ డబ్బాలు, ఫ్యాన్ బెల్టులు, ప్లగ్గులు సర్దాడు. మూడో రోజు సర్దినవన్నీ దించి మళ్ళీ సర్దాడు. బురైదాలో ఖర్జూరం తోటలో పనిచేసే మా ఊరి ప్రభాకర్ దగ్గర ఒక పూట ఆగాలని రాసుకున్నాడు.

"మదీనా కాడ జాగర్త న్నా," అన్నాడు మస్తాన్ వలీ. "ముస్లింలు కానోళ్ళను ఊళ్ళోకి రానీరు, మీవోళ్ళకు పక్క దోవ ఉండాది, బోర్డు ఉంటాది. నీ గడ్డం చూసి పోలీసోడు ఇమాం సాబనుకోని నేరుగా పొమ్మంటాడు. నువ్వు పొయ్యేవు!"

"పోతె?"

"నీ ఇకామా కార్డులో హిందూ అని ఉండాది గదా. నీ గడ్డం ఒగటి చెప్తాది, నీ కాయితం ఇంగొగటి చెప్తాది. ఆడ నేనుండను, చెప్పేదానికి."

మా తాత పక్క దారికి సుద్దతో మూడు గీతలు గీశాడు. నాలుగో గీత కూడా గీశాడు.

ఆరో రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరూ కారును పరీక్షకు తీశారు. రియాద్ రోడ్డు మొదట్లో ఇసుక బస్తాల వెనక చెక్‌పోస్టు. దాన్ని చూడగానే మా తాత భయపడి ఆక్సిలేటర్ మీంచి కాలు తీశాడు.

ఠాప్!

బస్తాల వెనక తలలు మాయమయ్యాయి. వాటి చోట మూడు తుపాకులు లేచాయి. అరుపులు. మా తాత చేతులు పైకెత్తి దిగాడు, దిగినవాడు అట్లాగే రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. తారు రోడ్డు చల్లగా ఉండడం, చెంప కింద ఒక చిన్న రాయి గుచ్చుకోవడం, దాన్ని తీసుకోవడానికి కూడా చెయ్యి కదపలేకపోవడం ఆయనకు ఇప్పటికీ గుర్తు.

సిపాయి ఇకామా తీసుకుని చూశాడు. అందులోని ఫోటోలో నున్నటి గడ్డం, సన్న మీసం.

"ఇతనెవరు?"

"నేనే."

"మరి ఈ గడ్డం?"

మొక్కు అనే మాటను అరబ్బీలో ఏమంటారో మా తాతకు తెలియదు. దేవుడని చెప్పడానికి వేలు పైకి చూపించాడు. సిపాయిలు ముగ్గురూ మిస్సైల్ వస్తోందనుకుని గబుక్కున ఆకాశంలోకి చూశారు. ఒకడు గ్యాస్ ముసుగు తొడుక్కున్నాడు కూడా. మస్తాన్ వలీ దండాలు పెట్టి, ఉత్తరం చూపించి, జరిగింది చెప్పేసరికి పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆయన అరవలేదు. మెల్లగా చెప్పాడు.

"ఈ సిపాయి కుర్రాళ్ళు సరిగ్గా నిద్రపోయి మూడు రోజులైంది. నేను పక్కన ఉన్నాను కాబట్టి కాల్చలేదు. వెనక్కి తీసుకుపో."

"రియాద్ దాకా ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి?" అని మస్తాన్ వలీతో అడిగించాడు మా తాత.

"నాకే లెక్క తెలియదు," అన్నాడు ఆఫీసరు.

ఆ సాయంత్రం నుంచి నేల మీది దారిలో పెట్రోలు బంకుల సున్నాలు పోయి, చెక్‌పోస్టుల ఇంటూలు వచ్చాయి. తెలిసినవి కొన్ని, ఊహించుకున్నవి ఎన్నో. ఏడో రోజు మా తాత డైనా లారీ సైలెన్సర్ ఒకటి తెచ్చి కారుకు వెల్డింగ్ చేశాడు. చప్పుడు తగ్గింది. పావుగంటలో ఇంజన్ కాగి రేడియేటర్లో నీళ్ళు ఉడికి పైకి చిమ్మాయి. ఎనిమిదో రోజు సైలెన్సర్ కోసేశాడు. ఆ రోజు అన్నం తినలేదు. తిన్నానని మస్తాన్ వలీకి అబద్ధం చెప్పాడు.

తొమ్మిదో రోజు పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయిన కాసేపటికి సైరన్ కూసింది. ఇద్దరూ సామాన్ల గదిలోకి పరిగెత్తి, మిస్సైల్లో విషవాయువు ఉంటుందన్న భయంతో తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి, అబూ ఫహద్ వదిలిపోయిన గ్యాస్ ముసుగులు తొడుక్కున్నారు. గాలి పీల్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి లోపలికి పీలిస్తే ముసుగు మొహానికి అతుక్కోవాలి. మస్తాన్ వలీది అతుక్కుంది. మా తాతది అతుక్కోలేదు. గడ్డం సందుల్లోంచి గాలి పిల్లనగ్రోవి ఊదినట్టు ఈల వేసింది. ఎంత బిగిస్తే అంత గట్టిగా ఊదింది. ప్రాణం కాపాడమని పెంచిన గడ్డం, ప్రాణం పోయే దారి తెరిచి పెట్టింది.

దూరంగా ఎక్కడో ధన్ మని పడింది. అల్మారాలో గాజు సీసాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. మా తాత ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు బిగబట్టాడంటే, ముప్పావు గంట అని నేను ఊళ్ళో చెబుతాను. అంత ఉండదు గానీ, బయటికి రావచ్చని మళ్ళీ సైరన్ మోగేసరికి ఆయన మొహం నల్లబడిపోయింది.

మస్తాన్ వలీ లేచి వెళ్ళి నీళ్ళ చెంబు, సబ్బు, కత్తి తెచ్చి ముందు పెట్టాడు.

"గీసుకో న్నా. రాజన్న దేవుడు గదా, అర్థం చేసుకుంటాడు. గ్యాసుకు అదేం ఉండదు, సందు దొరికితే దూరతాది."

మా తాత సబ్బు నురగ పూసుకున్నాడు. కత్తి చెంప మీద పెట్టాడు. కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. నురగ ఆరిపోయి గడ్డం మీద అట్ట కట్టింది.

"మీ ఇంటామెకు భయపడతాండావా?" అన్నాడు మస్తాన్ వలీ.

"కాదు మస్తానూ. ఇది తీస్తె ముసుగు అతుకుతది. ఫోటోల మొఖం కలుస్తది. మదీనా కాడ గడబిడ ఉండది."

"అదే గదా నేను చెప్పేది!"

"గప్పుడు పోకుండ ఉండెతందుకు నా దగ్గర ఏం మిగులుతది?" అన్నాడు మా తాత. "తొమ్మిది రోజులసంది గడ్డం ఎనక దాసుకున్న. మొక్కు ఉన్నదని, ఫోటో కలవదని, ఆ సాకు, ఈ సాకు. కారు పేల్తది, వాళ్ళు కాలుస్తరు, గంతే. గడ్డం ఉన్నా కాలుస్తరు, లేకున్నా కాలుస్తరు. నాకు భయమైతుంది. ఆ మాట నేనే చెప్పాలె."

"ఎవురికి?"

"పాస్‌పోర్టు ఉన్నోనికి."

మస్తాన్ వలీ కత్తి కడిగి పెట్టేశాడు. కఫీల్‌కు కాదని చెప్పినవాణ్ణి ఆయన అప్పటిదాకా చూడలేదు.

పదో రోజు పొద్దున్నే గ్యారేజీ ఆఫీసు ఫోన్లోంచి మా తాత రాబిగ్‌కు చేశాడు. మిస్సైల్ పడ్డప్పుడు వణికిన దానికన్నా అప్పుడే ఎక్కువ వణికాడని, రిసీవర్ తన పంటికి తగిలి టకటకలాడిందని మస్తాన్ వలీ తర్వాత అందరికీ చెప్పాడు. పదేళ్ళలో నేర్చిన అరబ్బీ అంతా ఆ నిమిషాన ఎగిరిపోయింది. మొదటి నెలలో నేర్చిన ముక్కలే మిగిలాయి. (పదేళ్ళు కాదు, ఏడేళ్ళే. ఏడేళ్ళకు ఆ మాత్రమే వచ్చిందంటే పరువు పోతుందని మూడు కలిపాను.)

"బాబా. అనా మాఫీ రూహ్. అనా ఖౌఫ్."

నేను రాను. నాకు భయం. అంతే.

అటువైపు అబూ ఫహద్ ముందు అర్థం కానట్టు మళ్ళీ చెప్పమన్నాడు. తర్వాత అరిచాడు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో గుర్తుందా అన్నాడు.

"గుర్తుంది బాబా. కారు బాగుంది. నేను బాగున్నా. ఇద్దరం ఇక్కడే ఉంటాం."

ఫోన్ ఠక్కున పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత నెల రోజులు సైరన్లు కూస్తూనే ఉన్నాయి. చేతిలో పాస్‌పోర్టు లేదు, మొహానికి పట్టే ముసుగు లేదు. కఫీల్ వస్తాడో, పోలీసును పంపుతాడో తెలియదు. బయట ఏ బండి ఆగినా మా తాత కారు వెనక్కి పోయి నిలబడేవాడు. భయం పోవడానికి చేతులకు పని కావాలి. గ్యారేజీ కిటికీలకు టేపులు అంటించాడు. దొరికిన కంబళ్ళన్నీ కారుకు కప్పాడు. తనకు పనికిరాని ముసుగును ఇంజన్ గాలి పీల్చే కార్బురేటర్ మూతికి కట్టాడు. కారుకు గడ్డం లేదు, చక్కగా అతుక్కుంది.

ఫిబ్రవరి ఆఖరుకు యుద్ధం ఆగింది. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగతో మధ్యాహ్నమే మసకగా ఉన్న ఒక రోజు అబూ ఫహద్ తిరిగొచ్చాడు. మా తాత వైపు చూడకుండా నేరుగా కారు దగ్గరికి పోయాడు. కంబళ్ళు ఒక్కొక్కటే లాగాడు. ముసుగు తొడుక్కున్న ఇంజన్ కనపడింది. తర్వాత సంచిలోంచి పాస్‌పోర్టు తీసి, మా తాత రొమ్ము మీద గడ్డం మధ్యలో పెట్టి, చేత్తో రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడంలో కోపం ఎంతో, మరోటి ఎంతో మా తాతకు ఈనాటికీ తేలలేదు.

మూడు వారాలకు గడ్డం, జుట్టు వేములవాడలోనే దిగాయి. మా అవ్వ గుర్తుపట్టలేదట. గడ్డంతో వచ్చినప్పుడు కాదు, తీసేశాక. ఆ తర్వాత మళ్ళీ పోయి అదే గ్యారేజీలో ఏడేళ్ళు పనిచేశాడు మా తాత. ఎర్ర ఫోర్డును ఊరి పొలిమేర దాటించమని అబూ ఫహద్ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

పదో తరగతి రెండుసార్లు తప్పిన నేను ఇప్పుడు ఖోబర్‌లోనే డైనా లారీ తోలుతున్నాను. పోయిన నెల ఖోబర్ నుంచి రాబిగ్‌కు లోడు పడింది. తాత సుద్దతో గీసిన దారే. ఎక్కడా ఎవరూ తుపాకీ ఎత్తలేదు. రాబిగ్‌లో సముద్రం పక్కన బండి ఆపి ఇంటికి ఫోన్ చేశాను.

"తాతా, నువ్వు రాలేకపోయిన ఊరి నుంచి మాట్లాడుతున్న. రోడ్డు మస్తుగున్నది. ఇంత సక్కని తొవ్వకు, గసొంటి కారుల, గడ్డం పట్టుకోని కూసున్నవా నువ్వు! ఒక్కసారి పోతె ఏమయ్యేది?"

ఆయన అన్నం నములుతున్న చప్పుడు వినిపించింది.

"పోలేదు గనుకనే ఇంటికి వచ్చినరా. ఫోన్ పెట్టు, బువ్వ సల్లారుతుంది."