సారు బయల్దేరుతుంటే వచ్చిన తుమ్ము

ఎనభైల మొదట్లో హైదరాబాదు పాతబస్తీలోని ఒక ఆసుపత్రికి నేను న్యూరోసర్జన్‌గా వచ్చాను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వస్తే, పుర్రె తెరవకుండా ముక్కులోంచి వెళ్ళి తీసే పద్ధతి అప్పుడప్పుడే మా చేతికి అలవాటవుతోంది. ఇప్పటివాళ్ళకు ఎండోస్కోపు ఉంది. మాకు మైక్రోస్కోపూ ఓపికా ఉండేవి.

యాదయ్య కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. పక్కచూపు పోయి, మాటిమాటికీ ట్రాలీలకు గుద్దుకుంటుంటే మా దగ్గరికి పంపారు. కణితి కంటి నరాలను నొక్కుతోంది. తీసేశాం, చూపు తేరుకుంది. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి దిగకుండా, కణితి తీసిన చోటును తొడలోని కొవ్వు ముక్కతో మూస్తాం. అది అతుక్కునేదాకా రోగి ముక్కు చీదకూడదు, వంగకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఆపుకుంటే ఆ ఒత్తిడికి ముక్క కదిలిపోతుంది. ఇదంతా నేనే దగ్గర కూర్చుని చెప్పాను. తలూపాడు.

ఒకరోజు పొద్దున రౌండ్లు ముగించి థియేటర్‌కు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అతని భార్య లక్ష్మమ్మ వార్డు గుమ్మంలో నిలబడి ఉంది.

“సారూ, ఈయన ముక్కుల కెల్లి నీళ్ళు కారుతున్నయ్. పడిశం గాదు.”

తల ముందుకు వంచమన్నాను. చుక్క చుక్కగా, తేటగా పడింది. అందులో చక్కెర ఉందని ల్యాబువాళ్ళు చెప్పారు. చీమిడి కాదు, మెదడు నీరే. అది బయటికి వచ్చే దారిలోనే క్రిములు లోపలికి పోతాయి. మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు వస్తే మెడ బిగుసుకుపోతుంది, మనిషి దక్కడం కష్టం.

ఏం చేశావని అడిగాను. లక్ష్మమ్మ గద్దిస్తే అప్పుడు చెప్పాడు.

“పొద్దుగాల మీరు ఇంకో మనిషికి ఆపరేషన్ చేయనీకి పోతుండ్రు. గప్పుడే తుమ్మొచ్చింది. నేను తుమ్మితే గా మనిషికి ఏమైతదో అని ముక్కు గట్టిగ పట్టుకున్న.”

కోపం నోటిదాకా వచ్చి ఆగింది. మా గుంటూరు ఇంట్లోనూ ఎవరైనా బయల్దేరేటప్పుడు తుమ్ము వినబడితే కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి పంపేవారు.

నడుములో సన్నని గొట్టం వేసి నీటి ఒత్తిడి తగ్గించి, కదలకుండా పడుకోబెట్టాం. అయినా చుక్క ఆగలేదు. ఒక సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. మెడ వంగుతుందా అని అతని తల కింద చెయ్యి పెట్టి ఎత్తుతుంటే లక్ష్మమ్మ నా ముఖమే చూస్తోంది. మెడ తేలిగ్గానే వంగింది. జ్వరం దిగింది. ఇక ఆలస్యం చేయకుండా మళ్ళీ ముక్కులోంచి వెళ్ళి కొత్త కొవ్వు ముక్క పెట్టాం. ఈసారి నిలిచింది.

ఇంటికి పంపే రోజున నేను థియేటర్‌కు బయల్దేరుతుంటే వెనక యాదయ్య నోరు బార్లా తెరిచి, వార్డంతా అదిరేలా తుమ్మాడు. లక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. అందరూ నా వైపు చూశారు. నేను ఆగకుండా నడిచాను.

వయసు, షుగరు, బీపీ, కణితి ఎంతుంది, ఇలాంటివే మేము ముప్పు కింద లెక్కవేసుకునేవాళ్ళం. యాదయ్య తర్వాత, నోరు తెరిచి తుమ్మండి అని చెప్పి నేను ఊరుకోలేదు. నేను థియేటర్‌కు బయల్దేరుతున్నా సరే తుమ్మండి అని కలిపి చెప్పేవాణ్ని.